చుక్క పెట్టిన రోజులు

6 జూలై 1964, సోమవారం. తెనాలి

వసుంధర పోయినప్పటి నుంచి డైరీ ముట్టుకోలేదు. నాలుగు నెలలు దాటింది. ఇవాళ తెరవడానికి కారణం ఆఫీసు పని. మరిచిపోకుండా రాసి పెట్టుకోవాలి. అంతకుమించి ఏమీ లేదు.

ఉదయం ఆర్డీవో గారి గదిలో సమావేశం. రైలు గేటు అవతల, రేపల్లె లైనుకూ కాలవకూ మధ్య ఉన్న అరవై గుడిసెల గురించి. దొంగసారా పేట అని ఊళ్ళో పేరు. ఏటా సోదాలు, కేసులు, మళ్ళీ అవే కుండలు. ఈసారి పోలీసులూ మేమూ కలిసి పని చెయ్యాలట. మేం దీపాలు, కుళాయిలు, నర్సు, బడి ఇవ్వాలి. వాళ్ళు సోదాలు మాని రోజూ గస్తీ తిరగాలి. ఆగస్టు నుంచి జనవరి దాకా గడువు. ఆ ఆరు నెలల్లో ఒక్క సారా కేసు కూడా లేకపోతే అరవై కుటుంబాలకూ ఇళ్ళస్థలాల పట్టాలు. ఒక్కటి ఉన్నా గుడిసెలు పీకి ఊరికి నాలుగు మైళ్ళ అవతలకి.

సంక్షేమ ఇన్‌స్పెక్టరుగా మా వైపు నుంచి నేను. పోలీసుల వైపు నుంచి ఎస్సై పున్నారావు. చెరుకుపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. పెద్ద గొంతు. మెట్లు దిగుతూ అన్నాడు.

"ఇన్నాళ్ళూ వాళ్ళు తప్పు చేస్తే పట్టుకున్నానండి. ఇప్పుడు తప్పు చెయ్యకుండా పట్టుకోవాలంట. ఏంటండీ చంద్రశేఖరం గారూ ఈ ఉద్యోగం?"

కష్టమేనన్నాను.

8 జూలై

పేట చూశాం. సందు ఒక్కటే. మొదట్లో చలపతిరావు గారి బియ్యం మిల్లు, చివర కాలవగట్టు. చివరి గుడిసె మాణిక్యమ్మది. యాభై అయిదేళ్ళుంటాయి. సారా కేసుల్లో మూడుసార్లు జైలుకు వెళ్ళింది. పేటలో ఆమె మాటే మాట.

మమ్మల్ని చూసి లేవలేదు. "సోదాకా బాబూ?" అంది.

"కాదు, సాయం చెయ్యడానికి," అన్నాడు పున్నారావు.

"సాయానికి లాఠీ ఎందుకు?"

పున్నారావు చేతిలో లాఠీ వంక చూసుకున్నాడు. వెనక ఉన్న కానిస్టేబులుకు ఇచ్చాడు. అతని చేతిలో అప్పటికే ఒకటుంది. రెండు లాఠీలతో అతను ఇబ్బంది పడటం చూసి చుట్టూ మూగిన ఆడవాళ్ళు నవ్వారు.

షరతులన్నీ చెప్పాను. మాణిక్యమ్మ ఆఖరి వరకూ విని, "ఆర్నెల్లు మేం మంచిగా ఉండాలి. బానే ఉంది. మీరు?" అంది.

నాకు జవాబు తట్టలేదు.

11 జూలై

బాపట్ల నుంచి అమ్మాజీ అక్కయ్య ఉత్తరం. ఇల్లు ఖాళీ చేసి వచ్చేయమంటుంది. జవాబు రాయాలి.

20 జూలై

గస్తీ పుస్తకం సంగతి ఇవాళ తెలిసింది. గస్తీ వచ్చినట్టు కానిస్టేబులు సంతకం పెట్టాల్సిన పుస్తకం. అది చలపతిరావు గారి మిల్లు వరండాలో మేకుకు వేలాడుతుంది. కానిస్టేబులు లక్ష్మీనారాయణ సైకిలు దిగి, అక్కడే టీ తాగి, సంతకం పెట్టి, మళ్ళీ సైకిలెక్కుతాడు. పేటలో అడుగు పెట్టడు. పద్నాలుగేళ్ళుగా ఇంతే. పెద్దమనుషుల ఇంట్లో పుస్తకం పెట్టడం ఆనవాయితీ.

పుస్తకాన్ని సందు చివరికి మార్చమన్నాను, మాణిక్యమ్మ గుడిసెకు. అప్పుడు సందంతా నడిస్తే తప్ప సంతకం పడదు.

పున్నారావు చాలాసేపు నవ్వాడు. "దొంగ ఇంట్లో పోలీసు పుస్తకమా? మా వాళ్ళు వింటే నా టోపీ పీకేస్తారండి."

"ఇన్నాళ్ళూ ఆమె స్టేషనుకు వచ్చి వేలిముద్ర వేసింది. ఆరు నెలలు మనం వెళ్ళి వేద్దాం."

నవ్వు ఆపాడు. "మా డీఎస్పీ గారికి చెప్పేటప్పుడు ఈ ముక్క మీరే చెప్పండి" అన్నాడు.

చెప్పాను. ఒప్పుకున్నారు.

2 ఆగస్టు

పుస్తకం మార్చాం. రోజుకో వరుస గీతలు గీసి ఇచ్చాను. మాణిక్యమ్మ దాన్ని మేకలకు అందని ఎత్తులో, గంజి కుండ పైన వేలాడదీసింది. చదువు రాదు. పుస్తకాన్ని తలకిందులుగా తగిలిస్తే నేను సరిచేశాను. "ఏ పక్కనుంచైనా బరువు ఒకటేగా," అంది.

9 ఆగస్టు

సాయంత్రం పేటలో ఉండగా లక్ష్మీనారాయణ వచ్చాడు. నిన్న రాలేదు. రెండు వరుసల్లోనూ సంతకం పెట్టబోయాడు. మాణిక్యమ్మ పుస్తకం లాక్కుంది.

"నిన్నటి గీతలో ఇవాళ పెడతావేంటి అబ్బాయ్?"

"ఏయ్ ముసలమ్మా, పుస్తకం గవర్నమెంటుది."

"మేకు నాది."

పక్క గుడిసె యోబు రిక్షా తుడుస్తూ, "స్టేషన్లో ఒక్క రోజు సంతకం తప్పితే మమ్మల్ని లోపలేసేవాళ్ళుగా సారూ. మిమ్మల్ని ఎక్కడెయ్యాలి?" అన్నాడు. పేటంతా చుట్టూ చేరింది. లక్ష్మీనారాయణ నా వంక చూశాడు. నేను కాలవ వంక చూశాను.

చివరికి అతని గొంతు తగ్గింది. కూతురికి జ్వరమట, అందుకే రాలేదట. ఖాళీ కనపడితే జీతం ఆపుతారట. మాణిక్యమ్మ పుస్తకం చేతికిచ్చింది. "పెట్టుకో. నీ పిల్లలు నన్ను తిట్టుకోకూడదు."

18 ఆగస్టు

ఆరు దీపాలు వేయించాను. ఒక కుళాయి వచ్చింది.

21 ఆగస్టు

పేటకు వెళ్ళాను. అంతా సవ్యం. రేపల్లె బండి పది నిమిషాలు ఆలస్యం.

29 ఆగస్టు

పున్నారావు కోపంగా ఆఫీసుకు వచ్చి గస్తీ పుస్తకం బల్ల మీద పడేశాడు. తెరిచి చూశాను. లక్ష్మీనారాయణ సంతకం పక్కన నర్సు అనసూయ సంతకం. దాని కింద దీపాలవాడిది. కుళాయి మేస్త్రీది. బడి పంతులుది.

"ఇది పోలీసు పుస్తకమా, పెళ్ళి చదివింపుల పుస్తకమా?"

ఇద్దరం కలిసి వెళ్ళి అడిగాం. మాణిక్యమ్మ చేటలో బియ్యం చెరుగుతూ చెప్పింది.

"పోలీసొక్కడే వస్తానన్నాడా బాబూ? నర్సమ్మ మంగళవారం, శుక్రవారం వస్తానంది. పంతులు రోజూ అన్నాడు. వచ్చినోళ్ళు పెడతన్నారు. రానోళ్ళ గీత ఖాళీగా ఉంటది. మీరిద్దరూ కూడా వస్తామన్నారు."

పున్నారావు నిలబడి నిలబడి జేబులోంచి పెన్ను తీశాడు. సంతకం పెట్టి నాకిచ్చాడు. గేటు దగ్గర, "ఆర్డీవో గారి చేత కూడా పెట్టిస్తదండి ఈవిడ" అన్నాడు.

3 సెప్టెంబరు

రోజూ ఆఫీసు అయ్యాక పేటకు వెళ్ళి, గట్టు చూసి, సంతకం పెట్టి రావాలని నిర్ణయించుకున్నాను. స్టేషను ప్లాట్‌ఫారం మీదుగా వెళితే దగ్గర దారి. సాయంత్రం పూట పని ఉండటం మంచిది.

10 సెప్టెంబరు

పేటకు వెళ్ళాను. అంతా సవ్యం. బండి సమయానికి వచ్చింది.

14 సెప్టెంబరు

పున్నారావు చలపతిరావు గారితో మాట్లాడి పేట ఆడవాళ్ళు పద్దెనిమిది మందిని మిల్లులో పనికి పెట్టించాడు. ఎలా ఒప్పించావని అడిగాను. "పద్నాలుగేళ్ళు మా వాళ్ళకి టీ పోశారుగా, మీకు టీ ఖర్చు తప్పించాను కదండీ అన్నాను."

22 సెప్టెంబరు

తలుపు కొట్టిన చప్పుడైతే తీశాను. యూనిఫాంలో లక్ష్మీనారాయణ. రెండు చేతుల్లో బచ్చలికూర కట్టలు.

"అత్త పంపిందండి."

"ఏ అత్త?"

"మాణిక్యమ్మేనండి. హోటలు కూడు తిని సార్ మొహం పాలిపోయిందంట. కూర వండటం రాకపోతే నన్నే వండి పెట్టి రమ్మంది. నాకూ రాదండి."

ఇద్దరం కూర వంక చూసుకున్నాం. కడిగి, తరిగి, ఏదో చేశాం. ఉప్పు ఎక్కువైంది. అతను రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

30 సెప్టెంబరు

రేపల్లె బడి నుంచి వసుంధర సామాను పంపారు. పదకొండేళ్ళు పనిచేసిన టీచరు సామాను ఒక్క సంచిలో పట్టింది. గొడుగు, కళ్ళద్దాల పెట్టె, ఎర్రసిరా సీసా. గొడుగు తడిగా ఉందేమోనని విప్పి చూశాను. ఎందుకు చూశానో తెలియదు.

పేటకు వెళ్ళాను. అంతా సవ్యం.

7 అక్టోబరు

పేటకు వెళ్ళాను. బండి ఇరవై నిమిషాలు ఆలస్యం.

8 అక్టోబరు

పేటకు వెళ్ళాను.

19 అక్టోబరు

పేటలో కాన్పు. అనసూయ మర్నాటి దాకా రానక్కరలేదు, అయినా వచ్చింది. చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఆడపిల్ల పుట్టింది. బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ, "పెద్దమ్మా, ఇవాళ నా రోజు కాదు. ఎక్కడ పెట్టను సంతకం?" అంది.

మాణిక్యమ్మ ఆలోచించింది. "పిల్ల గీత గియ్యి," అంది నాతో. కొత్త వరుస గీశాను. అనసూయ సంతకం పెట్టింది. తర్వాత లక్ష్మీనారాయణ, యోబు వేలిముద్ర, నేను. పుట్టినందుకు పోలీసు పుస్తకంలో నమోదైన పిల్ల జిల్లాలో ఇదొక్కతే అయ్యుంటుంది.

వసుంధరకు చెప్తే నవ్వేది.

4 నవంబరు

పున్నారావు కారియర్ తెచ్చాడు. "మా ఆవిడ వండిందండి. మీకని కాదు, ఎక్కువైంది."

"ఎక్కువైంది నాలుగు గిన్నెల్లో సర్దిందా?"

"మా ఆవిడ ఏది చేసినా పద్ధతిగా చేస్తదండి."

వెళ్ళేటప్పుడు, "ఇంకో మూడు నెలలు. అరవై పట్టాలు. మనం రిటైరయ్యాక చెప్పుకోడానికి ఇదొక్కటి చాలండి" అన్నాడు.

16 నవంబరు, సోమవారం

పేటకు వెళ్ళాను. అంతా సవ్యం. బండి సమయానికే వచ్చింది.

18 నవంబరు

తెల్లవారుజామున జిల్లా నుంచి వచ్చిన దళం పేట వెనక కాలవగట్టు జమ్ములో సారా కాచే బెల్లం ఊట కుండ పట్టుకుంది. పున్నారావుకు కూడా ముందు చెప్పలేదు. ఊట రెండు రోజుల నాటిదని వాళ్ళ ఇన్‌స్పెక్టరు రాశాడు. అంటే పదహారో తారీఖు నుంచి అక్కడే ఉందని.

పేటకు పరిగెత్తినట్టు వెళ్ళాను. ఎవరూ పనికి పోలేదు. గుడిసెల ముందు కూర్చుని ఉన్నారు. ఒక ముసలాయన అప్పుడే చుట్టిన చాప పక్కన పెట్టుకున్నాడు.

మాణిక్యమ్మ నాతో, "మాది కాదు బాబూ," అంది. అంతే.

19 నవంబరు

ఆర్డీవో గారు విచారణ పెట్టారు, ఇరవై ఆరున. కుండ పేటదని తేలితే కేసు, కేసైతే పేట లేదు.

పున్నారావు గస్తీ పుస్తకం చూసి వచ్చాడు. మొహంలో వెలుగు.

"పదహారు సాయంత్రం గట్టు చూసినట్టు లక్ష్మీనారాయణ సంతకం ఉంది. పోలీసోడి మాట నమ్మరనుకోండి. కానీ దాని పక్కన మీ సంతకం ఉందండి. మీరు చూశారంటే ఆర్డీవో గారికి ఇంకేం కావాలి? అప్పటికి కుండ లేదు. పదిహేడు సాయంత్రమూ లేదు. పులిసిన ఊట ఎవడో పడవలో తెచ్చి రాత్రికి రాత్రి దింపాడు. అయిపోయింది."

అవునన్నాను.

21 నవంబరు

జ్వరమని సెలవు పెట్టాను. జ్వరం లేదు.

23 నవంబరు

పదహారున పేటకు వెళ్ళలేదు.

పదిహేడున చీకటి పడ్డాక వెళ్ళి, గట్టు చూడకుండానే రెండు వరుసల్లోనూ సంతకం పెట్టాను. మాణిక్యమ్మ చూస్తూనే ఉంది. నన్ను ఏమీ అనలేదు. లక్ష్మీనారాయణను అన్నట్టు కూడా అనలేదు.

అంతకుముందు కూడా ఇలాగే పెట్టాను. ఇదీ కలిపి నాలుగుసార్లు.

25 నవంబరు

వెళ్ళానని చెప్తే పేట నిలబడుతుంది. నాకు తప్ప ఎవరికీ తెలియదు. మాణిక్యమ్మకు తెలుసు. ఆమె చెప్పదు. అరవై కుటుంబాల ముందు నా అబద్ధం ఎంత?

అలా అనుకుని బట్టలు ఇస్త్రీకి ఇచ్చాను. తర్వాత ఈ డైరీలో పదహారో తారీఖు పేజీ తీశాను. పేటకు వెళ్ళాను అని ఉంది. నా దస్తూరీ. ఎవరికీ చూపించని పుస్తకం. ఇక్కడ ఎవరికి అబద్ధం చెప్పినట్టు?

26 నవంబరు, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆర్డీవో గారి గదిలో దళం ఇన్‌స్పెక్టరు, పున్నారావు, లక్ష్మీనారాయణ, నేను. గుమ్మం దగ్గర నేల మీద మాణిక్యమ్మ. కుర్చీ వెయ్యమన్నారు ఆర్డీవో గారు. వద్దంది.

లక్ష్మీనారాయణ చెప్పాడు. పదహారున ఆరు గంటలకు గట్టు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచాడు. కుండ లేదు. దళం ఇన్‌స్పెక్టరు నవ్వి, "ఈయన పద్నాలుగేళ్ళు మిల్లు వరండాలో గస్తీ తిరిగినాయన సార్" అన్నాడు.

ఆర్డీవో గారు పుస్తకం నా వైపు తిప్పారు. "చంద్రశేఖరం గారూ, ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"పదహారు సాయంత్రం గట్టు చూశారా?"



"లేదండి. ఆ రోజు నేను పేటకు వెళ్ళలేదు. మర్నాడు పెట్టిన సంతకం అది."

పున్నారావు కుర్చీలో వెనక్కి వాలాడు. నా వంక చూడలేదు.

ఆర్డీవో గారు పుస్తకం మూసేశారు. "బి.ఏ. చదివిన అధికారి సంతకమే దొంగదైతే ఇంక ఈ పుస్తకంలో దేన్ని నమ్మను?"

గుమ్మం దగ్గర నుంచి మాణిక్యమ్మ అంది. "చుక్క చూడండి బాబూ."

"ఏం చుక్క?"

లేచి వచ్చింది. పుస్తకం తలకిందులుగా పట్టుకుంది. లక్ష్మీనారాయణ తిప్పి ఇచ్చాడు. చివరి వరుస నుంచి లెక్కపెట్టి పదహారో తారీఖు వరుస మీద వేలు పెట్టింది. నా సంతకం చివర, అంచున, ఆవగింజంత బొగ్గు చుక్క. లక్ష్మీనారాయణ సంతకం దగ్గర లేదు.

"రాకుండా పెట్టిన సంతకం పక్కన నేను చుక్క పెడతా. వాళ్ళు పోయాక పెడతా. ఈ అబ్బాయికి మొదట్లో మూడున్నాయి. కూతురికి జ్వరమప్పుడు ఒకటి, మిగతావి ఒళ్ళు బరువు. ఆ తర్వాత ఒక్కటి లేదు. రోజూ నడిచాడు. పదహారునా నడిచాడు, పదిహేడునా నడిచాడు."

లక్ష్మీనారాయణ కళ్ళు పెద్దవయ్యాయి. "నాకు చెప్పలేదేంటి అత్తా?"

"చెప్తే చుక్క కోసం వస్తావు. గస్తీ కోసం రావు."

ఆర్డీవో గారు మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టారు. పంతులుకు ఆరు చుక్కలు. దీపాలవాడికి రెండు. అనసూయకు ఒక్కటీ లేదు. పున్నారావుకు ఒకటి. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"చదువు రాదన్నావుగా?"

"రాదు బాబూ. వచ్చినోళ్ళు, రానోళ్ళు. దీనికి చదువెందుకు?"

"దొంగ సంతకమని తెలిసీ ఎందుకు పెట్టనిచ్చావు?"

మాణిక్యమ్మ నా వైపు చూడకుండా చెప్పింది. "ఒక్కోళ్ళకి ఒక్కో ఇబ్బంది. ఈ బాబు మనిషిని పోగొట్టుకున్నాడు. సంతకం పెట్టుకోనిచ్చా. చుక్క మానలేదు. అదీ మానితే ఇంక పుస్తకమెందుకు?"

ఆర్డీవో గారు పుస్తకాన్ని మళ్ళీ మొదటి నుంచి చూశారు. తర్వాత రాయించారు. కానిస్టేబులు గస్తీ నమ్మదగినది. పదిహేడో తారీఖు సాయంత్రం దాకా గట్టు మీద కుండ లేదు. బయటి నుంచి తెచ్చి పెట్టినది. పేట మీద కేసు లేదు.

నా మీద వేరే కాగితం రాయించారు. అది న్యాయమే.

వరండాలో పున్నారావు నా పక్కన నిలబడ్డాడు. కోప్పడతాడనుకున్నాను. "నా ప్రాణం పోయి వచ్చిందండి," అన్నాడు. తర్వాత, "నాకు ఒక చుక్కేంటండీ? ఏ రోజో మీకేమన్నా గుర్తుందా?"

27 నవంబరు

ఆర్డీవో గారు పేజీలు తిప్పుతున్నప్పుడు నావి లెక్క పెట్టాను. నాలుగు అనుకున్నాను. పదకొండు.

పేటకు వెళ్ళి పుస్తకం అడిగి, చుక్కలున్న తారీఖులు కాగితం మీద రాసుకుని వచ్చాను. ఈ డైరీతో పోల్చి చూశాను. సెప్టెంబరు పది. సెప్టెంబరు ముప్ఫై. అక్టోబరు ఏడు, ఎనిమిది. మొత్తం పదకొండు రోజులూ పేటకు వెళ్ళాను అని రాసి ఉంది. నాలుగింటికి అబద్ధమని తెలిసే రాశాను. మిగతా ఏడు నిజమనుకునే రాశాను; పుస్తకంలో ఖాళీ కనపడితే పెట్టడం మరిచానేమో అనుకుని తర్వాత పెట్టాను.

ఎక్కడున్నానో ఇప్పుడు తెలుసు. బండి వేళ రాసి పెట్టుకున్నాను కదా.

వసుంధర పదకొండేళ్ళు రోజూ ఉదయం రేపల్లె వెళ్ళి సాయంత్రం బండికి దిగేది. ఆఫీసు అయ్యాక నేను స్టేషనుకు వెళ్ళి ఎదురుచూసేవాణ్ణి. సంచి నేను అందుకునేవాణ్ణి. బడిలో జరిగింది గేటు దాకా చెప్పేది. గేటు దాటాక కూరల సంగతి.

పేటకు దారి ప్లాట్‌ఫారం మీదుగానే. బండి వచ్చే వేళకు అక్కడికి చేరతాను. వచ్చిందాకా ఆగుదామనుకుంటాను. అందరూ దిగుతారు. ఆడవాళ్ళ పెట్టె ఖాళీ అయ్యేదాకా చూస్తాను. ఖాళీ బండిని పక్క లైను మీదకు తీసుకెళతారు. అప్పటికి దీపాలు వెలిగి ఉంటాయి. ఇంటికి వచ్చేస్తాను. వచ్చి, పేటకు వెళ్ళాను అని రాస్తాను.

పదకొండు రోజులు. నాకు తెలియకుండా నా లెక్క ఒకరు రాసి పెట్టారు. బొగ్గుతో.

15 డిసెంబరు

మందలింపు ఉత్తర్వు, బదిలీ ఒకేసారి వచ్చాయి. రేపల్లె ఆఫీసుకు.

ఊరి పేరు చూసి పున్నారావు కంగారు పడ్డాడు. ఎవరినైనా పట్టుకుని మార్పిద్దామన్నాడు. వద్దన్నాను. వెళతాను.

20 డిసెంబరు. రేపల్లె

ఇల్లు దొరికింది. రెండు గదులు. వీధి చివర వసుంధర బడి. ఇవాళ ఆదివారం, మూసి ఉంది.

21 డిసెంబరు

బడి తెరిచారు. పిల్లల గోల ఇక్కడికి వినిపిస్తుంది. ఇంత గోల మధ్య చెప్పేదన్నమాట. అందుకే ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడేది. నేను విసుక్కునేవాణ్ణి.

2 ఫిబ్రవరి 1965

పున్నారావు కార్డు. 'ఆరు నెలలు పూర్తి. కేసులు లేవు. పట్టాలు మార్చి ఆరు, శనివారం. తప్పక రావాలి. మా ఆవిడ వండుతుంది, ఎక్కువ కాదు, మీకనే.'

6 మార్చి, శనివారం

ఉదయం బండికి తెనాలి వెళ్ళాను. పేట మధ్య షామియానా. చలపతిరావు గారు మజ్జిగ పంపారు. నేను వెనక, యోబు రిక్షాకు ఆనుకుని నిలబడ్డాను. ముందుకు రమ్మన్నారు, రాలేదు. బదిలీ అయినవాణ్ణి.

పున్నారావు పేర్లు చదివాడు. ఒక్కొక్కరే వెళ్ళి, వేలిముద్ర వేసి, కాగితం తీసుకుని, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతుల మీదా పెట్టుకుని వస్తున్నారు. నవంబరులో చాప చుట్టి పెట్టుకున్న ముసలాయన బల్ల దగ్గరే నిలబడిపోయాడు. లక్ష్మీనారాయణ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

మాణిక్యమ్మ వంతు వచ్చింది. గుమస్తా సిరా దిండు ముందుకు జరిపాడు. ఆమె వేలు ఇవ్వలేదు. ఆర్డీవో గారి వైపు చూసింది.

"ముందు మీరు పెట్టండి బాబూ."

గుమస్తా ఏదో అనబోయాడు. ఆర్డీవో గారు చెయ్యెత్తి ఆపి, పెన్ను తీసి సంతకం పెట్టారు.

"ఇవాళ్టి తారీఖేనా?"

"ఇవాళ్టిదే."

అప్పుడు వేలు సిరాలో ముంచింది. షామియానా కింద నవ్వులు. పున్నారావు జనానికి వీపు తిప్పి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వో, ఇంకేదో.

భోజనాలయ్యాక మాణిక్యమ్మ నన్ను గుడిసె ముందు మంచం మీద కూర్చోబెట్టింది. పట్టా తన ఒళ్ళో ఉంది.

"ఒకటి అడుగుతా బాబూ. ఆ రోజుల్లో ఎటు పోయేవాడివి?"

చెప్పాను. ప్లాట్‌ఫారం, బండి, ఆడవాళ్ళ పెట్టె. వసుంధర సంగతి నోటితో ఒకరికి చెప్పడం ఇదే మొదలు. ఎక్కువ మాటలు పట్టలేదు.

ఆమె రేపల్లె లైను వైపు చూసింది. మంచం మీద నుంచి చూస్తే ప్లాట్‌ఫారం చివరి దీపం కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ నేను గమనించలేదు.

"చెప్తే సరిపోయేదిగా. రానని చెప్పినోళ్ళకి నేను చుక్క పెట్టను."

వచ్చే ఆదివారం తన స్థలంలో ఇంటికి ముగ్గు పోస్తున్నారట. రమ్మంది. వస్తానన్నాను.

7 మార్చి, ఆదివారం. రేపల్లె

వచ్చే ఆదివారం వసుంధర సంవత్సరీకం. బాపట్లలో, అక్కయ్య ఇంట్లో. నిన్న వస్తానని మాట ఇస్తున్నప్పుడు ఆ సంగతి చెప్పలేదు. గుర్తు లేక కాదు.

మాణిక్యమ్మకు కార్డు రాశాను. అనసూయ చదివి వినిపిస్తుంది.

'ఆదివారం రాలేను. నా భార్య సంవత్సరీకం. మర్నాడు సాయంత్రం వస్తాను.'

వెంటనే నడిచి వెళ్ళి పోస్టు చేశాను.